నొప్పి తగ్గింది సరే, రాయి ఎక్కడికి పోయింది?

రాజోలు పక్క ఊరి నుంచి ఒక కోడలు రాసిన ఉత్తరమిది. పేరు, ఊరు వేయొద్దన్నారు. చాలా వివరంగా రాశారు. కుదించి చెబితే సంగతి ఇలా ఉంది.

ఆవిడ అత్తగారికి అరవై ఒక్కేళ్లు. షుగరుంది. గుండె కోసమని రక్తం పలచబడే మాత్ర కూడా రోజూ వేసుకుంటారు. రెండేళ్లుగా భోజనం చేసిన కాసేపటికి కుడివైపు డొక్క పైభాగంలో నొప్పి వస్తుంటే గ్యాస్ అనుకుని, మందుల షాపులో మాత్రలు తెచ్చుకుని సరిపెట్టుకున్నారు. ఈ మధ్య ఒక పెళ్లి భోజనం తర్వాత ఆ నొప్పి వీపులోకి పాకింది. వాంతులయ్యాయి. మర్నాటికి కళ్లు పచ్చబడ్డాయి, మూత్రం ముదురు రంగులోకి తిరిగింది, సాయంత్రానికి వణుకుతో జ్వరం వచ్చింది. పచ్చకామెర్లని మూడు రోజులు పసరు పోయించారు. తగ్గకపోయేసరికి ఈ కోడలే ఆటో పిలిచి అమలాపురం తీసుకెళ్లారు. స్కాన్‌లో గాల్ బ్లాడర్ (పిత్తాశయం) నిండా రాళ్లు కనిపించాయి. ఎంఆర్‌సీపీ, అంటే పైత్యరసం పైపుల్ని చూపించే స్కాన్, తీస్తే కాలేయం నుంచి పేగులోకి వెళ్లే పైపులో ఇంకో రెండు రాళ్లున్నట్టు తేలింది. పెద్దది 11 మి.మీ. ఉంది, పైపు 12 మి.మీ.కి ఉబ్బింది. అప్పుడు రక్తంలో బిలిరుబిన్ (కామెర్ల కొలత) 6.8. యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు చేశాక జ్వరం, నొప్పి పోయాయి. బిలిరుబిన్ 2.1కి దిగింది.

గొడవంతా ఇంటికొచ్చాక మొదలైంది. అమలాపురం డాక్టరుగారు ముందు ఈఆర్‌సీపీ (నోట్లోంచి గొట్టం పంపి చేసేది) చేయించి పైపులో రాళ్లు తీయించమన్నారు, తర్వాత గాల్ బ్లాడర్ తీసేద్దామన్నారు. కాకినాడలో చూపిస్తే అక్కడి సర్జన్, పైపు వెడల్పుగానే ఉంది కాబట్టి రెండూ ఒకేసారి కీహోల్ (చిన్న రంధ్రాలతో చేసే) ఆపరేషన్‌లో తీసేస్తానన్నారు. ‘ఇద్దరూ చెరో మాట చెబుతున్నారంటే ఇద్దరికీ తెలియదన్నమాట, దాళ్వా కోతలయ్యాక చూద్దాం’ అంటున్నారు ఆవిడ భర్త. మరిది హైదరాబాద్ తీసుకొచ్చేయమంటున్నాడు. ‘అమ్మకేమైనా అయితే ఎవరిది పూచీ?’ అని ఆడపడుచు ఫోన్లో అడుగుతోంది. పక్కింటాయన తన కిడ్నీ రాళ్లు బార్లీ నీళ్లకు పడిపోయాయి కాబట్టి అదే తాగించమంటున్నాడు. అత్తగారేమో నొప్పే లేనప్పుడు కోయించుకోవడం దేనికంటున్నారు. ముప్పై ఏళ్ల కిందట ఆవిడ అక్కగారికి ఇలాంటి ఆపరేషనే జరిగింది. పొట్ట మీద జానెడు కుట్లు, పక్కన గొట్టం, సీసాలోకి పైత్యరసం కారడం ఆవిడ కళ్లారా చూశారట. ‘ఆస్పత్రికి తీసుకెళ్లింది నేనే కాబట్టి అన్నీ నా నెత్తికే చుట్టుకుంటున్నాయి. ఎవరి మాట వినాలి? ఆగితే ఏమవుతుంది? సంతకం నేను పెట్టొచ్చా?’ అని అడిగారు.

అమ్మా, మీరు ఆ రోజు ఆటో పిలవకపోయుంటే ఈ ఉత్తరం ఇంకోలా ఉండేది. నొప్పి, కామెర్లు, వణుకుతో జ్వరం మూడూ కలిసి వచ్చాయంటే పైపులో అడ్డు పడి, నిలిచిపోయిన పైత్యరసంలో చీము పట్టే ప్రమాదం మొదలైందని అర్థం. షుగరున్న మనిషిలో అది ఒకటి రెండు రోజుల్లోనే రక్తంలోకి పాకి బీపీ పడిపోయేదాకా తీసుకెళ్లగలదు. కాబట్టి మీ ఇంట్లో ఎవరైనా ‘నువ్వే తీసుకెళ్లి ఇదంతా తెచ్చిపెట్టావు’ అంటే ఆ మాట మనసులో పెట్టుకోకండి.

ఇప్పుడు అత్తగారి ప్రశ్నకే వస్తాను. మీ ఇంట్లో అందరూ ఆగిపోయింది అక్కడే కదా. నొప్పి పోయింది, మరి రాయి పోయినట్టు కాదా?

మీది కాలువల సీమ కాబట్టి అలాగే చెబుతాను. కాలేయం రోజుకి అర లీటరు నుంచి లీటరు దాకా పైత్యరసం తయారు చేస్తుంది. అది పెద్ద కాలువ లాంటి పైపులో దిగి, చివర ఒక చిన్న తూము గుండా పేగులో పడుతుంది. గాల్ బ్లాడర్ ఆ కాలువ పక్కనున్న చెరువు. భోజనం చేసినప్పుడు వాడుకోవడానికి రసం అక్కడ నిలవ ఉంటుంది. రాళ్లు ఎక్కువగా ఆ చెరువులోనే పుడతాయి. అందులో కొన్ని కాలువలోకి జారి తూము దగ్గర గుర్రపుడెక్కలా అడ్డం పడతాయి. క్లోమం నుంచి వచ్చే బోదె కూడా ఆ తూము దగ్గరే కలుస్తుంది. అడ్డు పడ్డప్పుడు నీళ్లు వెనక్కి ఎగదన్ని కాలువ ఉబ్బుతుంది. అడ్డు కాస్త పక్కకి జరిగితే సందులోంచి నీళ్లు పోతాయి, కాలువ తీస్తుంది. మీ అత్తగారికి జరిగిందిదే. పైపు ఉబ్బి ఉంది కాబట్టి రాయి తూము మీద నుంచి పైకి తేలి ఉంటుంది. మందులు చీముని అదుపు చేశాయి, అందుకే నొప్పి పోయింది. చిన్న రాళ్లయితే కొన్నిసార్లు వాటంతటవే పేగులోకి జారిపోతాయి. 11 మి.మీ. రాయి అలా పోతుందని నమ్మి కూర్చోలేం. బిలిరుబిన్ కూడా ఇంకా 2.1 దగ్గరే ఉంది, మామూలుగా అయితే ఒకటికి అటూ ఇటూ ఉండాలి.

ఇదే కారణం వల్ల బార్లీ నీళ్లు పనికిరావు. పక్కింటాయన అబద్ధం చెప్పలేదు. ఆయన రాయి ఉన్నది మూత్రం దారిలో. తాగిన నీళ్లు కిడ్నీల గుండా పోతాయి గానీ పైత్యరసం పైపులోకి వెళ్లవు. దారే వేరు. ఇక పసరు మాటకొస్తే, కొన్ని రకాల కామెర్లు ఏ మందూ వేయకపోయినా కొన్ని వారాల్లో తగ్గిపోతాయి, ఆ పేరు పసరుకొస్తుంది. అడ్డు వల్ల వచ్చిన కామెర్లకు అడ్డు తీయడం తప్ప దారి లేదు. పసరుతో పోయిన మూడు రోజులు మీకు నష్టమే. మీ అత్తగారిని మాత్రం ఆ మాటతో ఎత్తిపొడవకండి. గోదావరి జిల్లాల్లో పసరు పోయించని ఇల్లు ఎక్కడుంది కనక.

ఇద్దరు డాక్టర్లూ చెరో మాట చెప్పారన్నారు మీ వారు. నిజానికి ఇద్దరూ చెప్పింది ఒకటే: పైపులో రాళ్లు పోవాలి, రాళ్లు పుట్టే గాల్ బ్లాడర్ కూడా పోవాలి. తేడా అల్లా దారిలోనే. రెండు దారులూ ప్రపంచమంతా నడుస్తున్నవే. వీటిని పోల్చి చూసిన పరీక్షల్లో ప్రాణాపాయంలో గానీ, రాళ్లు పూర్తిగా పోవడంలో గానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఒకేసారి చేసే పద్ధతిలో మొత్తం మీద ఆస్పత్రిలో ఉండే రోజులు కొంత తగ్గుతాయి, అంతే.

మొదటి దారి ఈఆర్‌సీపీ. ఇందులో పొట్ట మీద గాటే ఉండదు. నోట్లోంచి గొట్టం పంపి, పేగులో ఆ పైపు తెరుచుకునే చోటికి చేరి, దాని నోటిని కరెంటు తీగతో కొద్దిగా వెడల్పు చేసి, చిన్న బుట్టతోనో బెలూన్‌తోనో రాళ్లని పేగులోకి లాగేస్తారు. 1974 నుంచీ ఉన్న పద్ధతి ఇది. మీ అత్తగారి రాళ్ల సైజుకి ఎక్కువ భాగం ఒకే విడతలో పని అయిపోతుంది. ఇబ్బంది లేదా అంటే ఉంది. నూరు మందిలో ఇంచుమించు ఐదుగురికి దీని తర్వాత క్లోమం వాచి కడుపునొప్పి వస్తుంది. చాలామందికి నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది, కొద్దిమందికి మాత్రం తీవ్రం కావచ్చు. రక్తం పలచబడే మాత్ర వాడేవాళ్లకి గాటు పెట్టిన చోట రక్తస్రావం సంగతి కూడా చూసుకోవాలి. పైగా ఇది సగం పనే. గాల్ బ్లాడర్ కోసం కొద్ది రోజుల్లోనే, వీలైతే రెండు వారాల లోపు, మళ్లీ మత్తు తీసుకుని కీహోల్ ఆపరేషన్ చేయించుకోవాలి.

ఈ దారిలో నాకు అసలు భయం వేరే ఉంది. ఈఆర్‌సీపీ అయ్యాక మనిషికి ఎంత హాయిగా ఉంటుందంటే, రెండో పని మర్చిపోతారు. ‘ఇప్పుడు బాగానే ఉందిగా, సంక్రాంతి కానీయండి, పిల్ల పెళ్లి కానీయండి’ అంటూ జరుపుతారు. చెరువులో మిగిలిన రాళ్లు మళ్లీ కాలువలోకి దిగుతాయి. కొన్నిసార్లు పైపులో ప్లాస్టిక్ స్టెంట్ (దారి మూసుకోకుండా ఉంచే చిన్న గొట్టం) పెట్టి పంపిస్తారు. దాన్ని సాధారణంగా మూడు నెలల్లో తీయడమో మార్చడమో చేయాలి. లోపల స్టెంటుందన్న సంగతే మర్చిపోతే అది పూడుకుపోయి, దాని చుట్టూ కొత్త రాయి కట్టి, మొదటికన్నా పెద్ద జబ్బు తెస్తుంది. దాళ్వా కోతల కోసం ఆగుదామంటున్న ఇల్లు ఈ దారి పట్టేటప్పుడు తన స్వభావం తాను తెలుసుకుని పట్టాలి. స్టెంట్ పెడితే, తీయించాల్సిన తేదీని గోడ మీది క్యాలెండర్లో ఎర్ర సిరాతో రాయండి, హైదరాబాద్‌లో ఉన్న మీ మరిది ఫోన్లోనూ పెట్టించండి.

రెండో దారి కాకినాడ సర్జన్ చెప్పినది. పూర్తి మత్తు ఇచ్చి, పొట్టలోకి గ్యాస్ నింపి, నాలుగైదు చిన్న రంధ్రాలు పెడతారు. ఒక్కోటి 5 నుంచి 10 మి.మీ. ఉంటుంది. ఒకదాంట్లోంచి కెమెరా, మిగతావాటిలోంచి పనిముట్లు లోపలికి వెళతాయి. చిన్న రాళ్లయితే గాల్ బ్లాడర్ సన్నపైపులోంచే లాగేయొచ్చు. మీ అత్తగారి రాయి పెద్దది కాబట్టి పెద్ద పైపు మీదే చిన్న గాటు పెట్టి, సన్నటి కెమెరాతో లోపల చూస్తూ, బుట్టతో రాళ్లు తీసి, గాటుని కుట్టేస్తారు. అదే మత్తులో గాల్ బ్లాడర్ కూడా తీసేస్తారు. సన్న పైపుకి గాటు పెట్టి కుడితే అది మరింత ఇరుకైపోయే ప్రమాదం ఉంది. మీ అత్తగారిది 12 మి.మీ.కి ఉబ్బింది కాబట్టే ఆయన ధైర్యంగా చెప్పి ఉంటారు. ఆయన మాటలో నాకు తప్పేమీ కనిపించలేదు.

ఇందులో ఉన్న ముప్పు, కుట్టిన చోట పైత్యరసం కారడం. అందుకే పక్కన ఒక సన్నటి గొట్టం రెండు మూడు రోజులు ఉంచుతారు. కొన్నిసార్లు లోపల అతుకులు ఎక్కువగా ఉంటే ఆపరేషన్ మధ్యలో పొట్ట తెరవాల్సి వస్తుంది. అలా తెరవడం సర్జన్ చేతకానితనం కాదు, ముందుజాగ్రత్త. ముందే ఆ మాట చెప్పి సంతకం తీసుకుంటారు, కంగారు పడొద్దు. అన్నిటికన్నా ముఖ్యమైనది సర్జన్ చేతి నైపుణ్యం. గాల్ బ్లాడర్ తీసే కీహోల్ ఆపరేషన్ ఇప్పుడు చాలా ఊళ్లలో చేస్తున్నారు. పైపు తెరిచి రాళ్లు తీసి లోపలే కుట్టడం అంతమంది చేయరు.

కాబట్టి ‘ఏ పద్ధతి మంచిది’ అని అడగడం మానేసి, ‘నాకు అందుబాటులో ఎవరు ఏది బాగా చేస్తారు’ అని చూడండి. కాకినాడ సర్జన్ని మొహమాటం లేకుండా అడగండి: పైపు తెరిచే కీహోల్ ఆపరేషన్లు మీరు తరచుగా చేస్తారా అండి? లోపల చూసే సన్నటి కెమెరా మీ దగ్గరే ఉందా? ఏదైనా రాయి మిగిలిపోతే ఈఆర్‌సీపీ చేసేవాళ్లు అదే ఆస్పత్రిలో ఉన్నారా, లేక వేరే ఊరు పంపుతారా? ఈఆర్‌సీపీ చేసే డాక్టర్ని ఇంకోలా అడగాలి: రాయి రాకపోతే ఏం చేస్తారు, స్టెంట్ పెడతారా, గాల్ బ్లాడర్ ఎన్నాళ్లలో ఎవరు తీస్తారు? మంచి డాక్టరుకి ఈ ప్రశ్నలు కోపం తెప్పించవు. విసుక్కుంటే మీకు జవాబు దొరికినట్టే. నన్నడిగితే, ఆ కాకినాడ జవాబులు తృప్తిగా ఉంటే ఒకేసారి అయిపోయే దారివైపే మొగ్గుతాను, అదీ మీ ఇంటి వాయిదాల అలవాటు చూసి. జవాబులు తడబడితే ఈఆర్‌సీపీ దారే క్షేమం, రెండో పనికి తేదీ అప్పుడే రాయించుకుంటేనే సుమా. గుండె డాక్టరు, మత్తు డాక్టరు కలిసి పెద్ద మత్తు ప్రమాదమంటే ముందు ఈఆర్‌సీపీయే చేస్తారు. మళ్లీ చీము జ్వరం వచ్చినా అంతే. అప్పుడు తర్కాలు పెట్టొద్దు.

హైదరాబాద్ సంగతి. అక్కడ రెండు రకాల నిపుణులూ ఒకే కప్పు కింద దొరుకుతారు, అది నిజం. నర్సాపురంలో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి దిగొచ్చు. కానీ ఇంటికొచ్చాక పదో రోజున నొప్పి వస్తే ఎవరి దగ్గరికి పరిగెడతారు? కాకినాడ అయితే ఒక్క పూటలో వెళ్లి రావచ్చు. మరిది మాట తీసేయకండి. ‘నువ్వు అక్కడ ఒక నిపుణుడికి ఈ ఎంఆర్‌సీపీ చూపించి అభిప్రాయం కనుక్కో’ అని ఆ పని అతనికే అప్పజెప్పండి. ఖర్చు విషయంలో, మీకు ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) వర్తిస్తే, ఆ ఆస్పత్రిలో ఈ పద్ధతికి పథకం కింద అనుమతి వస్తుందా అని అక్కడి ఆరోగ్యమిత్రని చేరకముందే అడగండి. చేరాక తెలిస్తే టెన్షన్.

అత్తగారి భయాన్ని తేలిగ్గా తీసేయొద్దు. ఆవిడ చూసింది నిజమే. ఆ రోజుల్లో పైపు తెరిస్తే పొట్ట పెద్దగా కోసి, పైపులో ‘టీ’ ఆకారపు గొట్టం పెట్టి, వారాల తరబడి పైత్యరసాన్ని బయటికి సంచిలోకో సీసాలోకో వదిలేవారు. కీహోల్‌లో గాల్ బ్లాడర్ తీయడం జర్మనీలో 1985లో మొదలైంది, మన దేశంలో ముంబైలో డాక్టర్ ఉద్వాడియా 1990లో చేశారు. అక్కగారి ఆపరేషన్ నాటికి జిల్లాల్లో అది ఇంకా చాలామందికి అందలేదు. ఇప్పుడు కూడా అవసరమైతే టీ గొట్టం పెడతారు గానీ, చాలామందికి అది లేకుండానే పైపుని కుట్టేస్తున్నారు. ఈ సంగతి మీరు చెబితే ఆవిడ నమ్మరు. మీ మండలంలో ఈ మధ్య కీహోల్ ఆపరేషన్ చేయించుకున్న ఆవిడెవరైనా ఉంటే ఇంటికి పిలిచి, ఇద్దరినీ వదిలేసి మీరు వంటింట్లోకి వెళ్లిపోండి.

సంతకం గురించి అడిగారు. స్పృహలో ఉండి, చెప్పింది అర్థం చేసుకునే మనిషికి తన ఆపరేషన్ కాగితం మీద పెట్టాల్సింది తన సంతకమే. మీరు సాక్షిగా పెట్టొచ్చు. ఇది మీకు రక్షణ కూడా. మీ అత్తగారు, మీ వారు, ఫోన్లో మరిది, ఆడపడుచు అందరూ వినేలా డాక్టరుతో ఒక్కసారి మాట్లాడించండి. వీడియో కాల్ పెట్టొచ్చా అని ముందే అడిగితే చాలామంది డాక్టర్లు కాదనరు. ‘పూచీ ఎవరిది’ అన్న ప్రశ్న ఆడపడుచుని డాక్టర్నే అడగనివ్వండి. చేస్తే వచ్చే ముప్పుతో పాటు, చేయకపోతే వచ్చే ముప్పు కూడా ఆయన నోటి నుంచే వింటుంది. అందరూ విన్నాక అత్తగారు వద్దంటే అది ఆవిడ నిర్ణయం, మీ నేరం కాదు. అప్పుడు కూడా ఈఆర్‌సీపీ ఒక్కటైనా చేయించుకుని ముందు పైపు ఖాళీ చేయించుకోమని బతిమాలండి. గాల్ బ్లాడర్ మిగిలిపోతుంది, మళ్లీ ఇబ్బంది పెట్టొచ్చు. అయినా ఏమీ చేయించుకోకుండా కూర్చోవడం కంటే అది మేలు.

మీ వారితో వాదనకి దిగకుండా లెక్క చెప్పండి. ఏర్పాటు చేసుకుని వెళితే అంతా బాగుంటే మూడు నాలుగు రోజుల ఆస్పత్రి, కోతల ముందే అయిపోతుంది. ఆగితే ఆ రాయి కోతల మధ్యలోనే తూముకి అడ్డం పడొచ్చు. ఈసారి క్లోమం కూడా వాస్తే ఐసీయూలో ఎన్నాళ్లో చెప్పలేం. గుండె డాక్టర్ని కలవడానికి, షుగరు అదుపులోకి తేవడానికి వారం పది రోజులు తీసుకోవడంలో తప్పులేదు. నెలలు వద్దు. కోతలప్పుడు ఇంట్లో మనిషి కావాలనుకుంటే మరిదిని నాలుగు రోజులు సెలవు పెట్టి రమ్మనండి. మాటసాయం కన్నా అది పనికొస్తుంది.

ఆ రక్తం పలచబడే మాత్ర మీ అంతట మీరు ఆపకండి. కొన్ని రకాలు ఐదారు రోజుల ముందు ఆపాలి, కొన్ని ఆపకూడదు. మందు చీటీ సర్జన్‌కీ, గుండె డాక్టరుకీ ఇద్దరికీ చూపించి, ఏ తేదీ నుంచి ఆపాలో, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో కాగితం మీద రాయించుకోండి.

గాల్ బ్లాడర్ లేకపోతే అరుగుదల ఉండదని ఎవరైనా భయపెడితే పట్టించుకోకండి. పైత్యరసం కాలేయమే తయారు చేస్తుంది, పేగులోకి నేరుగా దిగుతుంది. మొదటి కొన్ని వారాలు వేపుళ్లు, పచ్చి కొబ్బరి మితంగా పెట్టండి. కొందరికి విరేచనాలు కాస్త పల్చగా అవుతాయి, చాలావరకు సర్దుకుంటాయి. ఆ తర్వాత పులస సీజన్‌కి పులుసు పెట్టినా తినొచ్చు, షుగరు చూసుకుంటే చాలు.

ఆపరేషన్ తేదీ వచ్చేలోపు మళ్లీ వణుకు జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా, నొప్పి వీపులోకి పాకి వాంతులు ఆగకపోయినా, మనిషి మగతగా, తికమకగా మాట్లాడినా తెల్లారేదాకా చూడకండి. 108కి ఫోన్ చేసి ఈఆర్‌సీపీ వసతి ఉన్న ఆస్పత్రికే నేరుగా వెళ్లండి. ఎంఆర్‌సీపీ ఫిల్ములు, రిపోర్టులు, మందు చీటీలు ఒకే సంచిలో పెట్టి, ఆ సంచి ఎక్కడుందో మీ వారికి కూడా చెప్పి ఉంచండి.